రసాయన సమతాస్థితి – 3వ పాఠం: రంగు ఆగింది, చర్య ఆగలేదు

గాఢత (లీటరుకు ఎన్ని మోల్‌ల పదార్థం ఉందో ఆ లెక్క) తగ్గితే చర్యావేగం ఎందుకు తగ్గుతుందో పోయిన పాఠంలో చూశాం. అది సరిగ్గా పట్టుబడకపోతే ఇంకోసారి చదివి రండి, ఈ పాఠమంతా దాని మీదే నడుస్తుంది.

మూసిన గాజు పాత్రలో హైడ్రోజన్‌నూ అయోడిన్ ఆవిరినీ నింపి 448 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచారనుకోండి. అయోడిన్ ఆవిరిది ఊదా రంగు. ఆ రెండూ కలిస్తే పుట్టే హైడ్రోజన్ అయోడైడ్‌కు రంగు లేదు. చర్య సాగేకొద్దీ ఊదా పలచబడుతుంది. పూర్తిగా పోతుందేమోనని చూస్తాం, పోదు. లేత ఊదా దగ్గర నిలిచి, ఎంతసేపు చూసినా అలాగే ఉంటుంది.

పరీక్షలో చాలామంది ఇక్కడ "చర్య ఆగిపోయింది" అని రాసేస్తారు. నిజానికి అయోడిన్ తరిగేకొద్దీ పురోగామి చర్య (హైడ్రోజన్ అయోడైడ్ పుట్టేది) మందగిస్తుంది, హైడ్రోజన్ అయోడైడ్ పెరిగేకొద్దీ తిరోగామి చర్య (అది మళ్ళీ హైడ్రోజన్, అయోడిన్‌లుగా విడిపోయేది) పుంజుకుంటుంది. రెండు వేగాలూ సమానమైన చోట రంగు నిలుస్తుంది, అదే సమతాస్థితి. లోపల రెండు చర్యలూ సాగుతూనే ఉంటాయి.

తిరుపతి వాళ్ళకు ఇది కొత్తేం కాదు. కొండెక్కే బస్సులు రెండో ఘాట్ రోడ్డులో పోతాయి, దిగేవి మొదటి ఘాట్‌లో వస్తాయి. గంటకు ఎంతమంది ఎక్కుతున్నారో అంతమందే దిగుతుంటే కొండ మీద జనం లెక్క మారదు. అంతమాత్రాన పైనున్న జనమూ కింద ఊళ్ళో ఉన్న జనమూ సమానం కానక్కర్లేదు కదా! ఇలా రెండు వైపులా సాగే ద్విగత చర్యలోనూ అంతే. సమానమయ్యేవి వేగాలు, పరిమాణాలు కావు.

మరి పరిమాణాలు ఎంతెంత? 1864లో నార్వే శాస్త్రవేత్తలు గుల్డ్‌బర్గ్, వాగే చూపిన దారి ఇది. ఈ చర్యకు సమతాస్థితి స్థిరాంకం (ఒక ఉష్ణోగ్రత దగ్గర మారని అంకె) కావాలంటే హైడ్రోజన్ అయోడైడ్ గాఢత వర్గాన్ని మిగతా రెండింటి గాఢతల లబ్ధంతో భాగించాలి. 448 డిగ్రీల దగ్గర అది దాదాపు 50.

ఒక లీటరు పాత్రలో హైడ్రోజన్ 1 మోల్, అయోడిన్ 1 మోల్ తీసుకుందాం. పాత్ర ఒక లీటరే కాబట్టి మోల్‌ల సంఖ్యే గాఢత. ఒక హైడ్రోజన్, ఒక అయోడిన్ అణువు కలిస్తే రెండు హైడ్రోజన్ అయోడైడ్ అణువులొస్తాయి కాబట్టి, ఒక్కోదాంట్లో 'య' మోల్ ఖర్చయితే హైడ్రోజన్ అయోడైడ్ 2య వస్తుంది.

(2య)² ÷ (1 − య)² = 50

వర్గసమీకరణం అని టెన్షన్ పడకండి, రెండు వైపులా వర్గమూలం తీస్తే చాలు.

2య ÷ (1 − య) = 7.07
9.07య = 7.07
య = 0.78

అంటే హైడ్రోజన్ అయోడైడ్ 1.56 మోల్‌లు, హైడ్రోజన్, అయోడిన్ చెరో 0.22. ఆ 0.22 అయోడినే మనం చూసిన లేత ఊదా.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. అదే పాత్రలో, అదే ఉష్ణోగ్రత దగ్గర, 2 మోల్‌ల హైడ్రోజన్ అయోడైడ్ ఒక్కటే పోసి మొదలుపెట్టండి. ఈసారి రంగులేని పాత్రలో ఊదా పుడుతుంది. చివరికి వచ్చేవి మళ్ళీ అవే అంకెలు: 1.56, 0.22, 0.22. ఎటునుంచి బయల్దేరినా చేరేది ఒక్కచోటికే. ఈ లెక్క నా మాట మీద నమ్మకుండా మీరే కాగితం మీద వేసి చూడండి.

వచ్చే పాఠం లె చాట్లియర్ నియమం. దానికి ముందు ఇంట్లో ఒక పని. పసుపు నీళ్ళలో తమలపాకులకు రాసే సున్నం కొంచెం కలపండి, ఎర్రబడుతుంది. నిమ్మరసం పిండుతూ పోతే పసుపు రంగు తిరిగొస్తుంది. మళ్ళీ సున్నం వేయండి. ప్రతిసారీ ఏది కలిపారో, రంగు ఎటు జరిగిందో నోట్‌బుక్‌లో రాసి ఉంచండి, నాలుగో పాఠం దాంతోనే మొదలవుతుంది.