రెండు రకాల ప్లాస్టిక్‌లను లేజర్‌తో అతికించే ముందు

కారు వెనక లైటు చూడండి. పైన ఎర్రటి అక్రిలిక్ కవరు, వెనక ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన నల్లటి డబ్బా. ఈ రెండింటినీ లేజర్‌తో అతికించడం ఇప్పుడు మామూలే. కాంతి కవరులోంచి దూరి నల్లదాన్ని కరిగిస్తుంది, ఆ వేడికి కవరూ కరిగి దానితో కలుస్తుంది.

ముందు జత సరైనదేనా చూసుకోండి. అక్రిలిక్, ఏబీఎస్ రెండూ ఇంచుమించు 100 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి, కరిగాక ఒకదానిలో ఒకటి కలుస్తాయి కూడా. పాలీప్రొపిలీన్, నైలాన్ అలా కలవవు. చూడటానికి అతికినట్టే ఉంటాయి, లాగితే ఊడొస్తాయి. పీవీసీ జోలికి మాత్రం వెళ్లొద్దు. కాలిందంటే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, ఊపిరితిత్తులకూ మెషీన్‌కూ చేటు.

పైముక్కలోంచి కాంతి వెళ్తుందో లేదో కంటితో చూసి తేల్చకండి. ఈ పనికి ఎక్కువగా వాడే లేజర్లు 808 నుంచి 980 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్నవి, ఆ కాంతి మనకు కనపడదు. మన కంటికి నల్లగా ఉన్నదీ ఆ కాంతిని తనలోంచి పోనివ్వొచ్చు. తెల్లరంగు కోసం కలిపే టైటానియం డయాక్సైడేమో చెదరగొడుతుంది. రంగు మారిందా, కాంతి ఎంత వెళ్తుందో మళ్లీ కొలిపించాల్సిందే.

వానాకాలంలో తేమతో పెద్ద తలనొప్పి. నైలాన్, పాలీకార్బొనేట్ లాంటివి గాల్లో తేమను పీల్చుకుంటాయి, అతుకులో బుడగలు లేస్తాయి. ముక్కల్ని ఆరబెట్టి, మూసిన సంచుల్లో ఉంచండి. అచ్చుకు కొట్టిన సిలికాన్ స్ప్రే అంటుకుని ఉంటే తుడవాలి. అక్రిలిక్‌ను స్పిరిట్‌తో తుడిచేటప్పుడు జాగ్రత్త, లోపల ఒత్తిడి ఉన్న ముక్క మీద సన్నటి పగుళ్లు రావచ్చు.

బిగింపు సరిగా లేకపోతే మిగతావన్నీ వృథా. మధ్యలో పలచటి కాగితమంత సందున్నా పైముక్కకు వేడి అందదు. అతుకు పట్టలేదని చాలామంది పవర్ పెంచేస్తారు. నా దృష్టిలో అసలు చెడేది అక్కడే. పవర్‌తో పాటు బలం కొంతవరకే పెరుగుతుంది, ఆ తర్వాత ప్లాస్టిక్ మాడి, బుడగలు పట్టి, అతుకు పెళుసవుతుంది. అందుకే అసలు సరుకు పెట్టకముందే పవర్ మారుస్తూ నమూనాలు వేయండి. వాటిని లాగించి, ఎంత బలానికి ఊడాయో చెప్పే అంకెతో పాటు విరిగిన చోటునూ చూడండి. నల్ల ముక్క మీద అక్రిలిక్ చీలికలు మిగిలితే అతుకు గట్టిది. రెండూ నున్నగా విడిపోతే, అంకె ఎంత బాగున్నా నమ్మకండి. కొన్ని నమూనాలను వేడిలో, చలిలో మార్చిమార్చి ఉంచి, ఆ తర్వాతే లాగించండి. చల్లారేటప్పుడు మిగిలిన ఒత్తిడి అప్పుడే బయటపడుతుంది.

కళ్లద్దాలు ఆ లేజర్ తరంగదైర్ఘ్యానికి తగ్గవే పెట్టుకోవాలి, ఇనుప వెల్డింగ్ అద్దం పనికిరాదు. పొగ లాగే ఫ్యాన్ ఆన్ చేశాకే లేజర్ స్విచ్ వేయండి.