రాజకీయ విషయంలో పోపుగారితో విభేదించాల్సి వస్తే కతోలికులు ఏం చేయాలి?

వలసల గురించో, యుద్ధం గురించో, మరణశిక్ష గురించో పోపుగారు మాట్లాడిన మర్నాడే కతోలికుల్లో రెండు వర్గాలు బయలుదేరతాయి. ఆయన నోటి నుంచి వచ్చిన ప్రతి మాటా వేదవాక్కేనని ఒకరంటే, రాజకీయాలు ఆయనకెందుకని మరొకరు కొట్టిపారేస్తారు. శ్రీసభ (కతోలిక చర్చి) బోధ ఈ రెండు వాదాలనూ సమర్థించదు. గౌరవంగా విభేదించడానికి అందులో చోటుంది, కాకపోతే దానికొక క్రమముంది.

ముందుగా ఆయన నిజంగా ఏమన్నారో, ఏ సందర్భంలో అన్నారో తెలుసుకోవాలి. పత్రికల శీర్షికలను నమ్ముకోకుండా, వాటికన్ వెబ్‌సైటులో ఉన్న పూర్తి పాఠం చదవాలి. విమానంలో విలేకరులకు అప్పటికప్పుడు ఇచ్చిన జవాబుకూ, విశ్వలేఖకూ (పోపు అధికారికంగా రాసే బోధనా లేఖ) ఒకే బరువు ఉండదు. పత్రం స్వభావాన్నీ, ఆ బోధను ఎంత తరచుగా చెప్పారన్నదాన్నీ, చెప్పిన తీరునూ బట్టి పోపు ఉద్దేశాన్ని గ్రహించాలని ప్రపంచ కతోలిక మేత్రాణుల (బిషప్పుల) సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ 1964లో వెలువరించిన ‘లూమెన్ జెన్సియుమ్’ అనే పత్రం 25వ పేరా చెబుతుంది. 1870లో పోపు పొరపడరాని అధికారాన్ని నిర్వచించిన తర్వాత, ఆ అధికారంతో చేసినట్లు అందరూ ఒప్పుకునే ప్రకటన 1950 నాటి మరియమాత మోక్షారోపణ (ఆమె ఆత్మశరీరాలతో పరలోకానికి కొనిపోబడిందనే) సిద్ధాంతం ఒక్కటే. అయితే మిగతావన్నీ తోసిపుచ్చవచ్చని దీని అర్థం కాదు. విశ్వాస, నైతిక విషయాల్లో ఆయన మామూలుగా చేసే బోధకు కూడా మనసునూ బుద్ధినీ లోబరచాలని అదే పేరా కోరుతుంది.

తర్వాతిది అన్నిటికన్నా ముఖ్యమైన పని: సూత్రాన్నీ, దాని అన్వయాన్నీ విడదీసి చూడటం. వలసల విషయమే తీసుకుందాం. సంపన్న దేశాలు తమకు వీలైనంతవరకు పరాయి దేశస్థులను ఆహ్వానించాలని శ్రీసభ అధికారిక బోధల సంకలనమైన సత్యోపదేశ గ్రంథం (కేటకిజం) 2241వ అంశం అంటుంది. ఉమ్మడి మేలు కోసం ప్రభుత్వాలు వలస హక్కుకు చట్టపరమైన షరతులు పెట్టవచ్చనీ అక్కడే ఉంది. వలస వచ్చినవాడి మానవ గౌరవం సూత్రం, దాన్ని కతోలికుడు కాదనలేడు. ఏడాదికి ఎన్ని వీసాలివ్వాలన్నది అన్వయం, అక్కడ చదువూ అనుభవమూ ఉన్న విశ్వాసులు పోపుగారితో విభేదించవచ్చు. 2003లో ఇరాక్ యుద్ధాన్ని అప్పటి పోపు రెండవ జాన్ పాల్ గట్టిగా వ్యతిరేకించి, మార్చిలో కార్డినల్ పియో లాఘీని అమెరికా అధ్యక్షుడు బుష్ దగ్గరికి పంపారు. అయినా ఆ యుద్ధాన్ని సమర్థించిన అమెరికా కతోలికులను శ్రీసభ బహిష్కరించలేదు. న్యాయమైన యుద్ధానికి కావలసిన షరతులు నెరవేరాయో లేదో తూచే వివేకం ఉమ్మడి మేలుకు బాధ్యులైన వారిదని సత్యోపదేశ గ్రంథం 2309వ అంశం చెబుతుంది. ఆ షరతులే మాకు వర్తించవని ఎవరైనా అని ఉంటే మాత్రం సంగతి వేరు.

అన్ని విషయాలకూ ఈ వెసులుబాటు లేదు. 2004లో కార్డినల్ రాట్జింగర్ (తర్వాత పోపు పదహారవ బెనెడిక్ట్) అమెరికా మేత్రాణులకు రాసిన లేఖలో యుద్ధం, మరణశిక్షల అమలు విషయంలో కతోలికుల మధ్య న్యాయమైన అభిప్రాయభేదం ఉండవచ్చనీ, గర్భస్రావం, కారుణ్య మరణాల విషయంలో ఉండకూడదనీ స్పష్టం చేశారు. ఈ లేఖను మరణశిక్షకు మద్దతుగా ఇంకా ఉదహరించేవారు 2018లో పోపు ఫ్రాన్సిస్ సత్యోపదేశ గ్రంథం 2267వ అంశాన్ని మార్చి, ఆ శిక్ష ఆమోదయోగ్యం కాదని చేర్పించిన సంగతి దాటవేస్తుంటారు. అది నిజాయితీ అనిపించుకోదు.

ఇక ఎవరికి వారు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. నా పార్టీకి వ్యతిరేకంగా పోపుగారి మాటను నేనెప్పుడైనా అంగీకరించానా? జవాబు ఎప్పుడూ లేదనే వస్తే, మాట్లాడుతున్నది వివేకం కాదు, పార్టీ.

చివరగా, చెప్పే పద్ధతి. తమ జ్ఞానానికి, స్థానానికి తగినట్లు అభిప్రాయాన్ని గురువులకు తెలియజేసే హక్కు, కొన్నిసార్లు బాధ్యత కూడా, విశ్వాసులకు ఉందని 1983 నాటి శ్రీసభ చట్టం 212వ నియమం గుర్తిస్తుంది. అది పూజ్యభావంతో, ఉమ్మడి మేలునూ వ్యక్తుల గౌరవాన్నీ దృష్టిలో ఉంచుకొని జరగాలంటుంది. కాబట్టి వాట్సాప్‌లో ఎగతాళి బొమ్మలు పంపడం కన్నా విచారణ గురువుతో (స్థానిక చర్చి ఫాదర్‌తో) మాట్లాడటం, మేత్రాణికి కారణాలతో ఉత్తరం రాయడం మేలు. జర్మనీలో 1887లో జరిగింది మంచి ఉదాహరణ. జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ తెచ్చిన, సైన్యం సంఖ్యను ఏడేళ్లకు ఖరారు చేసే బిల్లుకు ఓటేయాలని పోపు పదమూడవ లియో ఆశించినా, కతోలికుల సెంటర్ పార్టీ మద్దతివ్వలేదు. ఆ పార్టీ నాయకుడు విండ్‌హోర్స్ట్ పోపుగారి పట్ల గౌరవం తప్పకుండా, మతవిషయాల్లో విధేయతను చాటుతూనే లౌకిక విషయాల్లో పార్టీ స్వేచ్ఛను నిలబెట్టాడు. తన అభిప్రాయమే శ్రీసభ అభిప్రాయమని చెప్పుకునే హక్కు ఎవరికీ లేదని రెండవ వాటికన్ మహాసభ మరో పత్రం ‘గౌదియుం ఎత్ స్పెస్’ 43వ పేరా హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక పోపుగారిని సమర్థించేవారికీ, విభేదించేవారికీ సమానంగా వర్తిస్తుంది.