"వీడియో బాగా ప్లే అవ్వాలి" అని రాస్తే ఏమైందంటే

భీమవరంలో మా చిన్న టీం రొయ్యల రైతుల కోసం వీడియో పాఠాల యాప్ చేస్తోంది. యూజర్ స్టోరీలు, అంటే వాడేవాళ్లకి ఏం కావాలో చెప్పే చిన్న వాక్యాలు, రాసేది నేనే. మొదటిది "వీడియో బాగా ప్లే అవ్వాలి". డెవలపర్ క్వాలిటీ పెంచాడు, ఫైలు సైజు పెరిగిపోయింది. ఏది పాసో ఏది ఫెయిలో టెస్టర్‌కి తెలియలేదు. రెండు వారాలు ఒకటే టెన్షన్.

చివరికి ఉండి అనే ఊరి దగ్గర ఒక చెరువు గట్టు మీద కూర్చున్నాను. చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతుంటే ఫోన్‌లో ఒక్క మాట వినపడలేదు. "మాటలు కింద రాసి చూపిస్తే చదువుకుంటాం కదండీ" అన్నారు రైతు.

తిరగరాశాను: "గట్టు మీదున్న రైతుగా నాకు వీడియోలో తెలుగు సబ్‌టైటిల్స్ కావాలి, ఏరియేటర్ల మోతలోనూ మేత కొలత అర్థమయ్యేలా." దాని కిందే పరీక్షలు: సౌండ్ తీసేసినా పాఠం తెలియాలి, మిట్టమధ్యాహ్నం ఎండలోనూ అక్షరాలు కనపడాలి. సిగ్నల్ పోయి వస్తే ఆగిన చోటు నుంచే మొదలవ్వడం మాత్రం విడి స్టోరీ చేశాం. రెండూ కలిపితే ఎన్ని రోజుల పనో అంచనా దొరకదు.

స్టోరీ అంటే కార్డు మీద రాసిన మాట, దాని గురించి సంభాషణ, పని అయిందని పరీక్షలతో నిర్ధారణ, ఈ మూడూ ఉండాలని సాఫ్ట్‌వేర్ నిపుణుడు రాన్ జెఫ్రీస్ 2001లోనే చెప్పారు. నేను కార్డు రాసి ఊరుకున్నాను. ఇప్పుడు స్టోరీ రాసే ముందే గట్టు మీదికి వెళ్తున్నాను, డెవలపర్‌ని కూడా వెంటబెట్టుకుని.