సొంతంగా బిల్డ్ చేసుకున్న క్రాస్ కంపైలర్ మొరాయిస్తే ఎలా సరిచేయాలి?

టూల్‌చైన్ (కంపైలర్, అసెంబ్లర్, లింకర్, లైబ్రరీల కట్ట) బిల్డ్ మధ్యలో ఆగిపోగానే చాలామంది చేసే మొదటి పని, ఎర్రర్‌లో చివరి లైను కాపీ చేసి గూగుల్‌లో వెతకడం. రెండోది, అక్కడ కనిపించిన సింబాలిక్ లింక్ కమాండ్‌ని తమ మెషీన్‌లో కొట్టేయడం. మూడోది నాకు ఫోన్ చేయడం. అప్పటికి అసలు జబ్బు ఏదో, మందు వల్ల వచ్చిన జబ్బు ఏదో తేల్చలేని స్థితిలో ఉంటుంది వ్యవహారం. ఆ మొదటి రెండు మెట్లు మానేయండి చాలు.

క్రాస్ కంపైలర్ అంటే ల్యాప్‌టాప్‌లో నడుస్తూ వేరే ప్రాసెసర్ ఉన్న బోర్డుకి ప్రోగ్రాములు తయారుచేసే కంపైలర్. ఇక్కడ చెప్పేది లినక్స్ నడిచే ఆర్మ్ బోర్డుల సంగతి. ఉదాహరణకి బీగల్‌బోన్ బ్లాక్ తీసుకుందాం. కార్టెక్స్-ఏ8 ప్రాసెసర్, ఆర్మ్‌వీ7. ల్యాప్‌టాప్‌లో 64 బిట్ ఉబుంటూ. టార్గెట్ (ప్రోగ్రామ్ నడవాల్సిన యంత్రం) పేరు ఆర్మ్-లినక్స్-గ్నూఈఏబీఐహెచ్ఎఫ్; చివరి హెచ్ఎఫ్ అంటే హార్డ్ ఫ్లోట్. సీ లైబ్రరీ జీలిబ్‌సీ.

కావాల్సినవి: బిన్‌యుటిల్స్ (అసెంబ్లర్, లింకర్), జీసీసీ (కంపైలర్), జీలిబ్‌సీ, లినక్స్ కెర్నల్ సోర్సులు, తగినంత డిస్క్ ఖాళీ, ఓపిక. జీసీసీ వాడుకునే జీఎమ్‌పీ, ఎమ్‌పీఎఫ్ఆర్, ఎమ్‌పీసీ లైబ్రరీలను విడిగా ఎక్కించకండి. జీసీసీ సోర్సులో కాంట్రిబ్ డైరెక్టరీలో డౌన్‌లోడ్_ప్రీరిక్విజిట్స్ అనే స్క్రిప్టు ఉంది, దాన్ని నడిపితే అన్నీ సరైన వెర్షన్లలో వచ్చి కూర్చుంటాయి.

వరుస అందరికీ తెలిసిందే. బిన్‌యుటిల్స్, కెర్నల్ హెడర్లు, మొదటి దశ జీసీసీ, జీలిబ్‌సీ, చివరి జీసీసీ. ఈ వరుస తప్పితే ఏ ట్రబుల్‌షూటింగూ పనికిరాదు.

ముందు సరైన ఎర్రర్‌ని పట్టుకోండి

బిల్డ్ నడిపే మేక్ ప్రోగ్రామ్‌ను ఎనిమిది జాబులతో (ఒకేసారి ఎనిమిది పనులతో) నడిపితే, ఒక జాబు చచ్చాక కూడా మిగతావి కాసేపు వాగుతూనే ఉంటాయి. తెర మీద చివర కనిపించేది అసలు ఎర్రర్ కాకపోవచ్చు. అందుకే బిల్డ్ ఆగగానే అదే డైరెక్టరీలో మేక్‌ను ఒకే జాబుతో మళ్ళీ నడపండి. అప్పుడు ఆగిన చోటే అసలు చోటు.

కాన్ఫిగర్ (బిల్డ్‌కి ముందు మెషీన్‌ని పరీక్షించే స్క్రిప్టు) దగ్గర ఆగితే కాన్ఫిగ్.లాగ్ చూడాలి. ఇది అందరూ చెప్తారు. ఎవరూ చెప్పనిది ఏ కాన్ఫిగ్.లాగ్ అని. జీసీసీ బిల్డ్ డైరెక్టరీలో అవి బోలెడు ఉంటాయి. లిబ్‌జీసీసీ (జీసీసీ సొంత సహాయక లైబ్రరీ) దగ్గర ఆగితే, బిల్డ్ డైరెక్టరీ లోపల టార్గెట్ పేరుతో ఉన్న డైరెక్టరీలోకి, అందులో లిబ్‌జీసీసీలోకి వెళ్ళి అక్కడి లాగ్ చదవండి. పైన ఉన్న లాగ్‌లో అంతా పచ్చగానే కనిపిస్తుంది.

"కెనాట్ కంప్యూట్ సఫిక్స్ ఆఫ్ ఆబ్జెక్ట్ ఫైల్స్" అనే ప్రసిద్ధ ఎర్రర్‌కి అర్థం ఆ లాగ్‌లోనే ఉంటుంది. సఫిక్స్‌కీ దానికీ సంబంధమే లేదు. కొత్త కంపైలర్ ఒక చిన్న ఫైలును కూడా కంపైల్ చేయలేకపోయిందని దానర్థం. కారణం మామూలుగా రెండింటిలో ఒకటి. విడిగా ఎక్కించిన ఎమ్‌పీఎఫ్ఆర్ లాంటి లైబ్రరీ దొరక్క కంపైలర్ లేవనే లేదు (పైన చెప్పిన స్క్రిప్టు వాడితే ఈ గొడవ రాదు). లేదా ఆర్మ్ అసెంబ్లర్ బదులు ల్యాప్‌టాప్ అసెంబ్లర్ నడిచింది.

ఈ రెండోదాన్ని గుర్తుపట్టడం తేలిక. అసెంబ్లర్ "అన్‌రికగ్నైజ్డ్ ఆప్షన్ ఎమ్ఈఏబీఐ=5" అని ఏడుస్తుంది. ఇంటెల్ అసెంబ్లర్‌కి ఆ ఆప్షన్ ఏం తెలుస్తుంది? బిన్‌యుటిల్స్‌కి ఇచ్చిన ప్రిఫిక్స్ (ఇన్‌స్టాల్ అయ్యే డైరెక్టరీ) ఒకటి, జీసీసీకి ఇచ్చింది ఇంకోటి అయినా, ఒకచోట టార్గెట్ పేరు చివర హెచ్ఎఫ్ పెట్టి ఇంకోచోట మర్చిపోయినా ఇదే జరుగుతుంది. కొత్త జీసీసీని ప్రింట్-ప్రోగ్-నేమ్ ఆప్షన్‌తో అసెంబ్లర్ పేరు అడగండి. పూర్తి పాత్ చెప్తే సరే. ఒట్టి పేరు చెప్తే దానికి సొంత అసెంబ్లర్ దొరకలేదన్నమాట.

మొదటి దశ జీసీసీ

ఇక్కడ ఒట్టి మేక్ కొట్టకూడదు. ఆల్-జీసీసీ, ఆల్-టార్గెట్-లిబ్‌జీసీసీ, ఈ రెండే. మొత్తం బిల్డ్ చేయబోతే అది సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ దగ్గరికి వెళ్ళి "లింక్ టెస్ట్స్ ఆర్ నాట్ అలౌడ్" అని ఆగుతుంది. లిబ్‌సీ ఇంకా పుట్టలేదు, దేనితో లింక్ చేస్తుంది పాపం? సీ భాష ఒక్కటే, షేర్డ్ లైబ్రరీలు వద్దు, థ్రెడ్లు వద్దు, హెడర్లు లేవు అని కాన్ఫిగర్‌లోనే చెప్పేయండి.

ఆగింది ఎందుకో తేల్చుకున్నాక, ఆప్షన్ ఏది మార్చినా, బిల్డ్ డైరెక్టరీని పూర్తిగా తుడిచేసి కొత్తది పెట్టండి. మేక్ క్లీన్ సరిపోదు. కడగని పాత జాడీలో కొత్త ఆవకాయ పెట్టినట్టే. కాన్ఫిగర్ పాత జవాబులు దాచుకుని మళ్ళీ వాటినే వాడుతుంది. సోర్సు డైరెక్టరీ లోపల బిల్డ్ చేసేవాళ్ళతో నేను మాట్లాడను. జీలిబ్‌సీ ఎలాగూ ఒప్పుకోదు.

జీలిబ్‌సీ, సిస్‌రూట్: అసలు చిక్కంతా ఇక్కడే

నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం ఈ దశవే. కాస్త నెమ్మదిగా చదవండి.

సిస్‌రూట్ అంటే మీ ల్యాప్‌టాప్‌లో ఒక మూల ఉన్న బోర్డు తాలూకు రూట్ డైరెక్టరీ. అందులో యూఎస్ఆర్, లిబ్, ఇంక్లూడ్ అన్నీ బోర్డు మీద ఉన్నట్టే ఉంటాయి. జీలిబ్‌సీని కాన్ఫిగర్ చేసేటప్పుడు ప్రిఫిక్స్ ఏమివ్వాలి? జనం ఇచ్చేది సిస్‌రూట్ పూర్తి పాత్. ఫైళ్ళు అక్కడికే కదా వెళ్ళాలి అనే లెక్క. తప్పు. ప్రిఫిక్స్ ఎప్పుడూ /యూఎస్ఆర్ మాత్రమే. ఎందుకంటే ప్రిఫిక్స్ అనేది ఆ లైబ్రరీ బోర్డు మీద నడిచేటప్పుడు ఎక్కడ ఉంటుందో చెప్పేది. ల్యాప్‌టాప్‌లో ఎక్కడ పెట్టాలో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు, ఇన్‌స్టాల్_రూట్ అనే వేరియబుల్‌తో చెప్పాలి.

తప్పు ప్రిఫిక్స్ ఇస్తే ఏమవుతుంది? లిబ్‌సీ.ఎస్ఓ అనే ఫైలును ఎడిటర్‌లో తెరిచి చూడండి. అది లైబ్రరీ కాదు, నాలుగు లైన్ల టెక్స్ట్. అసలు లిబ్‌సీ.ఎస్ఓ.6 ఎక్కడుందో లింకర్‌కి చెప్పే చీటీ. సరైన బిల్డ్‌లో అందులో /లిబ్‌తో మొదలయ్యే పాత్ ఉంటుంది. లింకర్ దానికి ముందు సిస్‌రూట్ తగిలించుకుని వెతుకుతుంది. మీరు సిస్‌రూట్‌నే ప్రిఫిక్స్‌గా ఇస్తే చీటీలో పొడవాటి హోమ్ డైరెక్టరీ పాత్ పడుతుంది. దాని ముందు లింకర్ మళ్ళీ సిస్‌రూట్ చేరుస్తుంది. "కెనాట్ ఫైండ్" అని ఒక పాత్, "ఇన్‌సైడ్" అని ఇంకో పాత్ చెప్పి ఆగిపోతుంది.

అప్పుడు కొందరు ఆ చీటీని చేత్తో దిద్దుతారు. లింకర్ నోరు మూస్తుంది, జబ్బు బోర్డు మీదకి పోతుంది. డైనమిక్ లోడర్ (ప్రోగ్రామ్ నడిచేముందు దాని లైబ్రరీలను ఎక్కించేది) లోపల కూడా అదే పాత్ అచ్చయి ఉంది కాబట్టి, అది లైబ్రరీలను బోర్డు మీద మీ ల్యాప్‌టాప్ హోమ్ డైరెక్టరీలో వెతుకుతుంది. చీటీ దిద్దకండి. జీలిబ్‌సీని మళ్ళీ బిల్డ్ చేయండి.

ఇప్పుడు దీన్ని మించిన ప్రమాదం. ప్రిఫిక్స్ /యూఎస్ఆర్ అయినప్పుడు ఇన్‌స్టాల్_రూట్ పేరులో ఒక్క అక్షరం తప్పు కొట్టినా మేక్ ఏమీ అనదు. తనకు తెలియని వేరియబుల్‌ని పట్టించుకోదు, నేరుగా మీ ల్యాప్‌టాప్ /యూఎస్ఆర్ మీదకి పోతుంది. మామూలు యూజర్‌గా ఉంటే "పర్మిషన్ డినైడ్" అని ఆగి మిమ్మల్ని కాపాడుతుంది. సుడో పెట్టారో, అయిపోయింది. ఉబుంటూలో అసలు లిబ్‌సీ వేరే మల్టీఆర్చ్ డైరెక్టరీలో ఉంటుంది కాబట్టి మెషీన్ వెంటనే చావదు. కానీ యూఎస్ఆర్ ఇంక్లూడ్‌లో హెడర్లు మారిపోతాయి, ఎల్‌డీకాన్ఫిగ్ లాంటివి ఆర్మ్ బైనరీలు అవుతాయి. ఆ తర్వాతెప్పుడో ప్యాకేజీ అప్‌డేట్ "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" అని తన్నేస్తుంది, కారణం మీకు తట్టదు. లిబ్‌సీ నేరుగా యూఎస్ఆర్ లిబ్‌లో ఉండే ఆర్చ్ లినక్స్ లాంటి వాటిలో అయితే ఆ క్షణం నుంచి ఎల్ఎస్ కూడా నడవదు.

కాబట్టి టూల్‌చైన్ పనిలో సుడో అన్న మాటే రాకూడదు. బిన్‌యుటిల్స్, జీసీసీలకి ఇచ్చే ప్రిఫిక్స్ డైరెక్టరీ మీ హోమ్‌లో, సిస్‌రూట్ దాని లోపల. అలా లోపల పెడితే ఇంకో లాభం: మొత్తం డైరెక్టరీని వేరే చోటికి మార్చినా జీసీసీ తన సిస్‌రూట్‌ని తానే వెతుక్కుంటుంది. ఆప్ట్ డైరెక్టరీలో పెట్టమని చెప్పే జిరాక్స్ నోట్సులు నేనూ చూశాను. అక్కడ రాయాలంటే సుడో కావాలి. అక్కడితో ఆ సలహా కథ ముగిసింది.

విత్-సిస్‌రూట్ ఆప్షన్ జీసీసీకి ఇస్తే సరిపోదు, బిన్‌యుటిల్స్‌కీ ఇవ్వాలి. లేకపోతే లింకర్ తనను సిస్‌రూట్‌ కోసం కాన్ఫిగర్ చేయలేదని మొహం మీదే చెప్తుంది.

జీలిబ్‌సీ కాన్ఫిగర్ "ఎల్‌డీ లైబ్రరీ పాత్‌లో కరెంట్ డైరెక్టరీ ఉండకూడదు" అంటే, ఆ వేరియబుల్ చివర ఒక కోలన్ మిగిలి ఉంటుంది చూడండి. దాన్ని తీసేయడం కన్నా ఆ వేరియబుల్‌నే అన్‌సెట్ చేయండి. సీఫ్లాగ్స్, సీ ఇంక్లూడ్ పాత్ కూడా అంతే. టూల్‌చైన్ కట్టే టెర్మినల్‌లో పాత్ తప్ప ఏదీ ఉండకూడదు.

సీఆర్‌టీ1.ఓ దొరకలేదంటే

సీఆర్‌టీ1.ఓ అంటే ప్రతి ప్రోగ్రామ్ మొదట్లో చేరే జీలిబ్‌సీ స్టార్టప్ ఫైలు. చివరి జీసీసీ దగ్గర ఈ ఎర్రర్ వస్తే ఊహించకండి, కంపైలర్‌నే అడగండి. ప్రింట్-సిస్‌రూట్ అంటే తను ఏది సిస్‌రూట్ అనుకుంటోందో చెప్తుంది. ఏమీ చెప్పకపోతే విత్-సిస్‌రూట్ మర్చిపోయారు. ప్రింట్-ఫైల్-నేమ్=సీఆర్‌టీ1.ఓ అంటే ఆ ఫైలు పాత్ చెప్తుంది. ఒట్టి పేరే తిరిగి చెప్తే దొరకలేదని అర్థం. అప్పుడు సిస్‌రూట్‌లో ఆ ఫైలు ఎక్కడుందో వెతికితే, జీలిబ్‌సీ దాన్ని పెట్టిన చోటూ జీసీసీ వెతికే చోటూ వేరని కళ్ళకి కనిపిస్తుంది. ఆ ఫైలును ఇక్కడి నుంచి అక్కడికి కాపీ చేయడం పరిష్కారం కాదు. దాని వెనకే లిబ్‌సీ, దాని వెనకే లిబ్‌ఎమ్ అడుగుతుంది.

"స్టబ్స్-సాఫ్ట్.హెచ్ లేదు" అనేది ఇంకో రకం. ఇక్కడ కూడా ఇంటర్నెట్ సలహా ఏమిటంటే ఆ పేరుతో ఖాళీ ఫైలు పెట్టేయమని. దయచేసి వద్దు. జీలిబ్‌సీ హార్డ్ ఫ్లోట్‌తో (దశాంశ సంఖ్యలను ప్రాసెసర్‌లోని వీఎఫ్‌పీ యూనిట్ రిజిస్టర్లలో పంపే పద్ధతితో) బిల్డయింది, మీ కంపైలర్ సాఫ్ట్ ఫ్లోట్ అనుకుంటోంది. ఖాళీ ఫైలు పెట్టి దాటేస్తే, లింకర్ దగ్గర "యూజెస్ వీఎఫ్‌పీ రిజిస్టర్ ఆర్గ్యుమెంట్స్" అని మళ్ళీ వస్తుంది. టార్గెట్ పేరులో హెచ్ఎఫ్ ఉంది కదా అని ఊరుకోకుండా విత్-ఆర్చ్, విత్-ఎఫ్‌పీయూ, విత్-ఫ్లోట్ మూడూ రాసివ్వండి. రెండు దశల జీసీసీలకీ ఒకే విలువలు ఉండాలి. అందుకే నేను కమాండ్లు చేత్తో కొట్టను. అన్నీ ఒకే షెల్ స్క్రిప్టులో, పైన వేరియబుల్స్‌తో.

ఇంత తలనొప్పి ఎందుకు, ఈ పనంతా తనే చేసిపెట్టే క్రాస్‌టూల్-ఎన్‌జీ ఉంది కదా అంటారు. ఉంది, బాగుంటుంది. కానీ అది ఆగినప్పుడు కూడా చదవాల్సింది ఈ లాగ్‌లే.

బోర్డు మీద

ముందు హలో ప్రోగ్రామ్‌ని స్టాటిక్‌గా (లైబ్రరీలన్నీ లోపలే చేర్చి) లింక్ చేసి నడపండి, తర్వాతే డైనమిక్‌గా. స్టాటిక్ నడిచి డైనమిక్ "నాట్ ఫౌండ్" అంటే, ఫైలు కళ్ళ ముందే ఉన్నా సరే, దొరకనిది లోడర్. రీడ్‌ఎల్ఫ్ ఎల్ ఆప్షన్‌తో ప్రోగ్రామ్ ఏ లోడర్ అడుగుతోందో చూడండి. హార్డ్ ఫ్లోట్ అయితే /లిబ్/ఎల్‌డీ-లినక్స్-ఆర్మ్‌హెచ్ఎఫ్.ఎస్ఓ.3 ఉండాలి. అందులో హెచ్ఎఫ్ లేకపోతే పైన చెప్పిన ఫ్లోట్ గొడవే.

స్టాటిక్ కూడా "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అంటే విత్-ఆర్చ్ తప్పు. ఆర్మ్‌వీ7 కోసం కట్టిన టూల్‌చైన్‌తో మొదటి తరం రాస్ప్‌బెర్రీ పై మీద పని చేయబోయేవాళ్ళకి ఇది ఖాయం. అది ఆర్మ్‌వీ6.

"జీలిబ్‌సీ_2.34 నాట్ ఫౌండ్" అంటే టూల్‌చైన్‌లో జీలిబ్‌సీ కొత్తది, బోర్డు మీదది 2021 ఆగస్టుకి ముందుది. బోర్డు వెర్షన్‌కి సరిపోయే జీలిబ్‌సీతో టూల్‌చైన్ మళ్ళీ కట్టండి, లేదా బోర్డు రూట్ ఫైల్‌సిస్టమ్ మొత్తం మార్చండి. లిబ్‌సీ.ఎస్ఓ.6 ఒక్కదాన్నే బోర్డు మీదకి కాపీ చేయకండి. లోడరూ లిబ్‌సీ ఒకే బిల్డ్‌వి కాకపోతే ఇనిట్ (బోర్డు లేవగానే నడిచే మొదటి ప్రోగ్రామ్) కూడా లేవదు, ఇక ఎస్‌డీ కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టి పాత ఫైలు తిరిగి వేసుకోవాల్సిందే.