సీలింగ్ కోసే ముందు ఇన్వర్టర్ ఆపారా?

మొన్న మా పక్క ఊళ్లో శ్లాబు కారి ఫాల్స్ సీలింగ్ ఉబ్బింది. నీళ్లు దించడానికి సీలింగ్ బోర్డులో రంపం గుచ్చిన కుర్రాడు షాక్ కొట్టి నిచ్చెన మీది నుంచి పడ్డాడు. మెయిన్ ఆపే ఎక్కాడు పాపం.

భీమవరం నుంచి అమలాపురం దాకా కొత్త ఇళ్ల హాల్లో జిప్సం సీలింగ్ మామూలైపోయింది. తుఫానుకు కరెంటు పోతుందని ఇన్వర్టరూ పెట్టుకుంటారు. మెయిన్ దించగానే ఇన్వర్టర్ అందుకుని లైట్ల వైర్లలోకి 230 వోల్టులు పంపుతుంది. ఆ వైర్లుండేది సీలింగ్ పైనే. పోనీ ఇన్వర్టర్ ఒక్కటీ ఆపితే? చాలావాటిలో మెయిన్ కరెంటు దాని గుండానే నేరుగా లైట్లకు పోతుంది. రెండూ ఆపాలి. మెయిన్ ఒక్కటి ఆపి ఎక్కడమే నేను ఎక్కువగా చూసిన తప్పు.

ఇక పనిముట్టు. కత్తి, రంపం, ఆకురాయి, స్క్రూడ్రైవర్ అన్నీ ఒకే పిడిలో మడిచే మల్టీ టూల్ జేబులో ముద్దుగా ఉంటుంది. కానీ లోహపు పిడి అయితే రంపానికి తగిలిన కరెంటు చేతికే వస్తుంది. పైనున్న రబ్బరు జారకుండా వేసినది, కరెంటును ఆపడానికి కాదు. ఆపేదానికి 1000 వోల్టుల గుర్తు ఉంటుంది. అలాంటి గుర్తున్న పనిముట్టునైనా కరెంటున్న వైరు మీద ప్రయోగించవద్దు. కత్తి, రంపం తెరిచాక లాక్ పడని టూల్ కొనకండి, గుచ్చేటప్పుడు వేళ్ల మీదికి మడుచుకుంటుంది. రంధ్రాలకు విడిగా ప్లాస్టిక్ పిడి రంపం మేలు.

బోర్డు మందం సాధారణంగా 12.5 మిల్లీమీటర్లు. రంపం మొన నుంచి 15 దగ్గర టేపు చుట్టండి, అంతకు మించి లోపలికి పోనివ్వకండి. ఇంకా బిగించని బోర్డులో తిన్నని కోతకైతే రంపమే అక్కర్లేదు: కట్టర్‌తో పై కాగితం గీసి, విరిచి, వెనక కాగితం కోస్తే చాలు.

టెస్టర్‌ను కరెంటున్న ప్లగ్గులో ముందే పరీక్షించండి. మెయిన్ దించండి. ఇన్వర్టర్ ఆపండి. లైటు ఊడదీసి వైర్ల దగ్గర టెస్టర్ పెట్టండి. మొదట చిన్న రంధ్రం చేసి టార్చితో లోపల చూడండి. ఇనుప నిచ్చెన వద్దు. తడి చేతులు వద్దు. కళ్లద్దాలు, మాస్కు పెట్టుకోండి. ఉబ్బిన బోర్డు కింద ఎవరినీ నిలబడనివ్వకండి. ఇన్వర్టర్ మళ్లీ చూసుకోండి. దిగే వరకు ఎవరూ వేయకుండా రెండు స్విచ్‌ల మీదా చీటీ అంటించండి.