సెఖోన్ నడిపిన నాట్: ఫైబర్‌తో పూర్తి సైజు నమూనా

1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీదికి పాకిస్తాన్ యుద్ధ విమానాలు, ఆరు సేబర్లు, వచ్చిపడ్డాయి. దాడి సాగుతుండగానే ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్ జిత్ సింగ్ సెఖోన్ పైకి లేపిన విమానం నాట్. వాయుసేనలో పరమవీర చక్ర దక్కింది ఆయనొక్కడికే. ఆయన పేరిట నాట్ నిలబెట్టేవాళ్లు ముందు డ్రాయింగు సరిచూసుకోవాలి. రెండు సీట్ల ట్రైనర్ పొడవు 9.68 మీటర్లు. సెఖోన్‌ది ఒంటి సీటు ఫైటర్: పొడవు 8.74, రెక్కల కొస నుంచి కొసకు 6.73, ఎత్తు 2.46 మీటర్లు. 30 ఎం.ఎం. తుపాకులు రెండూ ఇంజన్‌కు గాలి పీల్చే పక్క ద్వారాల అంచుల్లో ఉంటాయి, ముక్కులో కాదు.

అసలు నాట్ ఖాళీ బరువే 2 టన్నుల పైచిలుకు. ఫైబర్‌ది అందులో సగం కూడా ఉండదు, కానీ రెక్కలు మాత్రం అవే, రెండూ కలిపి 12.69 చదరపు మీటర్లు. చిక్కంతా ఇక్కడే. కట్టడాల మీద గాలి భారం లెక్కకట్టే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం లెక్కకు తీసుకోవాల్సిన గాలి వేగం లూధియానాకు సెకనుకు 47 మీటర్లు, హైదరాబాద్‌కు 44, విశాఖకు 50. 50 దగ్గర ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. అంటే రెండు రెక్కల్నీ కలిపి గాలి దాదాపు 1.9 టన్నుల బలంతో పైకి లాగొచ్చు. పునాది మోయడానికే కాదు, పట్టి ఉంచడానికి కూడా. ముక్కు 30 డిగ్రీలు పైకెత్తి పెడితే చూడముచ్చటగా ఉంటుంది, నిజమే. కానీ గాలి రెక్కల కింద పట్టేస్తుంది, మా మాట వింటే 5 దాటించకండి. స్తంభం, బోల్టుల లెక్క స్ట్రక్చరల్ ఇంజనీరుకే వదిలేయండి.

లోపలి అస్థిపంజరం జీఐ (జింకు పూత ఇనుప) పైపుతో చేయండి. రెండు రెక్కల్నీ కలిపే దూలం ఒకే ముక్కగా ఉండి, స్తంభం తలమీది ప్లేటుకు నేరుగా బిగియాలి. రెక్కను ఫైబర్ తొడుగుకు బోల్టు వేస్తే మొదటి ఈదురుగాలికే ఆ రంధ్రం చీలుతుంది.

అచ్చు కోసం థర్మాకోల్ చెక్కి, దానిమీదే పాలియెస్టర్ రెజిన్ పూయకండి. రెజిన్‌లోని స్టైరీన్ తగలగానే థర్మాకోల్ కుంగి, జిగురు ముద్దయిపోతుంది. పీయూ (పాలీయూరిథేన్) ఫోమ్ వాడండి, లేదా ప్లైవుడ్ చట్రాల మీద పీఓపీ వేసి, ఆరాక సీలర్ కొట్టి, మైనం నాలుగైదు పూతలు పట్టించండి. దానిమీంచి తీసిన అచ్చు లోపల జెల్‌కోట్ (బయటికి కనిపించే నున్నటి రెజిన్ పూత) అర మిల్లీమీటరు, ఆపైన చదరపు మీటరుకు 450 గ్రాముల గాజునార మ్యాట్ మూడు పొరలు. మందం సుమారు 3 మిల్లీమీటర్లు వస్తుంది. కిలో మ్యాట్‌కు రెజిన్ రెండు నుంచి రెండున్నర కిలోలు. రోలర్ మధ్య నుంచి అంచుకు నడపాలి. తెల్లమచ్చ కనిపించిందంటే లోపల గాలి ఉన్నట్టే, ఎండకు అక్కడే పొక్కుతుంది. రెజిన్‌ను గట్టిపరిచే క్యాటలిస్టు రెజిన్ బరువులో 1 నుంచి 2 శాతం, మన ఎండల్లో 1 చాలు. గట్టిపడటాన్ని వేగిరపరిచే యాక్సిలరేటర్ ముందుగా రెజిన్‌లో బాగా కలిపాకే క్యాటలిస్టు పోయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే భగ్గుమంటాయి.

రంగుకు ముందు అచ్చు నుంచి అంటిన మైనాన్ని థిన్నర్‌తో తుడిచి, 320 నంబరు గరుకు కాగితంతో రుద్దాలి. తుడవకుండా రుద్దితే మైనం గీతల్లోకి దిగి, పెయింటు పెచ్చులూడుతుంది. వాయుసేన వలయంలో కాషాయం వెలుపల, తెలుపు మధ్యలో, ఆకుపచ్చ నడిబొడ్డున. ఫలకం మీద 18వ స్క్వాడ్రన్, ‘మరణానంతరం’ అన్న మాట, ఇది నమూనా అన్న సంగతి మూడూ ఉండాలి.

పొట్టలో, రెక్క కొసల్లో అన్నిటికన్నా పల్లంగా ఉన్నచోట 10 ఎం.ఎం. రంధ్రాలు చేసి స్టీల్ జాలీ బిగించండి. జాలీ లేకపోతే కందిరీగలు మట్టితో పూడ్చేస్తాయి, వాననీళ్లు లోపలే నిలుస్తాయి. అస్థిపంజరం నుంచి ఎర్త్‌పిట్ దాకా జీఐ పట్టీ దించండి. బోల్టుల బిగింపు ఏటా ఈదురుగాలుల కాలానికి ముందే చూడాలి.