ట్రాఫిక్‌లో బండి సెగ: కాలికి తగిలే వేడి వేరు, ఇంజిన్ ఓవర్‌హీట్ వేరు

ఒకే సిగ్నల్ దగ్గర మూడోసారి రెడ్ పడింది, కింద నుంచి పిక్కల మీదికి సెగ కొడుతోంది, ట్యాంకుకి ఆనించిన తొడలు చురుక్కుమంటున్నాయి, బండికి ఏమవుతుందో అని టెన్షన్ మొదలైంది. ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి. కాలికి సెగ తగలడం మామూలే, చిరాకు తప్ప బండికి దానివల్ల నష్టం లేదు. ఇంజిన్ ఓవర్‌హీట్ అవడం అసలు సమస్య. మనలో చాలామంది మొదటిదానికి కంగారుపడిపోతారు, రెండోది వచ్చినప్పుడు మాత్రం ఇంకో రెండు సందులేగా అని నడిపేస్తారు.

పెట్రోలు మండితే వచ్చే శక్తిలో బండిని నడపడానికి పనికొచ్చేది పావు వంతు, మహా అయితే మూడో వంతు. మిగతాదంతా వేడే, కొంత సైలెన్సర్ గుండా పోతుంది, కొంత ఇంజిన్ ఒంట్లోంచి బయటికి రావాలి. ఎయిర్ కూల్డ్ బండిలో ఆ పని సిలిండర్ చుట్టూ ఉండే రెక్కలది, వాటికి గాలి తగిలితేనే చల్లబడతాయి. బండి ఆగితే గాలీ ఆగింది. స్కూటర్లకి చాలావాటిలో ఇంజిన్ పక్కనే ఫ్యాన్ ఉంటుంది కాబట్టి ఆగినా కొంత గాలి అందుతుంది, మామూలు మోటార్‌సైకిల్‌కి ఆ సుఖం లేదు.

లిక్విడ్ కూల్డ్ బండి కథ వేరు. అందులో ఇంజిన్ వేడిని లాక్కుని, ముందున్న రేడియేటర్‌లో చల్లబడే ద్రవం ఉంటుంది, దాన్నే కూలెంట్ అంటారు. అది దాదాపు 100 డిగ్రీలకి చేరగానే రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలుపెడుతుంది. 100 దాటితే మరిగిపోదా అంటే మరగదు, కూలెంట్ ఉత్త నీళ్లు కాదు, పైగా రేడియేటర్ మూత బిగించి ఉంటే లోపల ప్రెషర్ ఉంటుంది. ఆ ఫ్యాన్ రేడియేటర్ వేడినంతా వెనక్కి తోస్తుంది, వెనక ఉన్నది మీ మోకాళ్లే. అంటే కాళ్లు బాగా కాలుతున్న ఆ నిమిషంలోనే ఇంజిన్ చల్లబడుతోందన్నమాట. ఫ్యాన్ మోత విని కంగారుపడొద్దు. పెద్ద ట్రాఫిక్ జామ్‌లో అది ఒక్కసారి కూడా తిరగకపోతే అప్పుడు అనుమానించండి.

ఇప్పుడు మన చేతిలో ఉన్నది, అక్షరాలా ఎడమ చేతిలో ఉన్నది, క్లచ్. ట్రాఫిక్‌లో అదనంగా పుట్టే వేడికి నా లెక్కలో మొదటి కారణం హాఫ్ క్లచ్. క్లచ్ సగం పట్టుకుని యాక్సిలరేటర్ ఇస్తూ బండిని పాకిస్తుంటే ప్లేట్లు ఒకదానిమీద ఒకటి రాసుకుంటాయి, చాలా బండ్లలో ఆ ప్లేట్లు మునిగి ఉండేది ఇంజిన్ ఆయిల్‌లోనే, కాబట్టి ఆ వేడి నేరుగా ఆయిల్‌కి ఎక్కుతుంది. నేను కొత్తలో రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీదే పెట్టుకుని, ఎత్తు రోడ్డు మీద కూడా బ్రేక్ బదులు హాఫ్ క్లచ్‌తోనే బండిని నిలబెట్టేవాణ్ణి, అదేదో గొప్ప కంట్రోల్ అనుకుని. ఏడాది తిరక్కుండానే ప్లేట్లు మాడాయి.

దానికి మందు సింపుల్. ముందు బండి రెండడుగులు కదిలిందని మీరూ రెండడుగులు కదలకండి. కాస్త ఖాళీ ఏర్పడనివ్వండి, తర్వాత ఫస్ట్ గేర్‌లో క్లచ్ పూర్తిగా వదిలేసి నెమ్మదిగా దొర్లించండి. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనివ్వండి. సెకండ్ గేర్‌లో లాగించడం ఇంకో అలవాటు, ఆ వేగానికి సెకండ్ అంటే హాఫ్ క్లచ్ తప్పదు. ఆగినచోట న్యూట్రల్ వేసి చెయ్యి తీసేయండి. ఆగి ఉండి ఊరికే రేజ్ చేయడం గురించి చెప్పేదేముంది, వేడి తప్ప ఏమీ రాదు.

సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపాలా? ఎయిర్ కూల్డ్ అయితే అర నిమిషం పైన ఆగాల్సి వస్తే ఆపేయండి, ఆలోచించక్కర్లేదు. లిక్విడ్ కూల్డ్‌లో మాత్రం ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు వెంటనే ఆపకపోవడం మంచిది. ఇంజిన్ ఆగితే కూలెంట్‌ని తిప్పే పంపూ ఆగుతుంది, చాలా బండ్లలో తాళం తీస్తే ఫ్యాన్ కూడా ఆగిపోతుంది.

టెంపరేచర్ లైట్ వెలిగిందంటే ఇక లెక్కలు వద్దు. పక్కకి తీసి ఇంజిన్ ఆపండి, తాళం ఆన్‌లో పెట్టి ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. తిరగకపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు, ఫ్యూజ్ చూపించండి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత జోలికి అసలు వెళ్లకండి, మరిగే కూలెంట్ మొహం మీదికి చిమ్ముతుంది. ఇంజిన్ మీద చన్నీళ్లు పోసేవాళ్లని కూడా చూశాను, కాలిన లోహం ఒక్కసారిగా చల్లబడితే పగుళ్లు రావచ్చు, దయచేసి ఆ పని చేయకండి. లైట్ లేని బండిలో గుర్తులు వేరు: పికప్ పడిపోవడం, యాక్సిలరేటర్ ఇస్తే లోపల టకటకమనడం, మాడు వాసన. ఇవి కనిపిస్తే నీడలో పెట్టి ఓ ఇరవై నిమిషాలు వదిలేయండి.

మెయింటెనెన్స్‌లో ముందు ఆయిల్. తక్కువైతే ఉన్న కాస్తా ఎక్కువ వేడిని మోయాలి. గ్రేడ్ మాన్యువల్‌లో చెప్పిందే వాడండి, కారు ఆయిల్ మిగిలిందని బండిలో పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది. రెక్కల మధ్య, రేడియేటర్ సందుల్లో ఎండిన బురద మెత్తటి బ్రష్‌తో తీయండి, ప్రెషర్ వాటర్ దగ్గర్నుంచి కొడితే రేడియేటర్ రేకులు వంగిపోతాయి. బ్రేక్ పట్టేసి ఉన్నా, టైర్లలో గాలి తగ్గినా ఇంజిన్‌కి ఆ బరువు పడుతుంది.

ఇక కాళ్ల సంగతి. మందపాటి కాటన్ జీన్స్, చీలమండ కప్పే షూ, ఈ రెండూ ఉంటే సగం బాధ పోతుంది. పలచటి సింథటిక్ ప్యాంటు, రెయిన్‌కోటు ప్యాంటు సైలెన్సర్‌కి తగిలితే కరిగి అంటుకుపోతాయి. ఆగినప్పుడు మోకాళ్లు ట్యాంకు నుంచి కాస్త విడిచి కూర్చోండి. బస్సు వెనక నిలబడకుండా పక్క వరసలో ఆగినా చాలా తేడా ఉంటుంది, దాని పొగ కూడా వేడే కదా. వెనక ఎక్కేవాళ్లకి సైలెన్సర్ ఏ వైపుందో చెప్పండి, దిగేటప్పుడు పిక్క కాల్చుకునేది ఎక్కువగా వాళ్లే. తల తిరుగుతున్నా, వికారంగా ఉన్నా బండి సంగతి తర్వాత, ముందు నీడలో కూర్చుని హెల్మెట్ తీసి నీళ్లు తాగండి.

సైలెన్సర్ తగిలి కాలితే ఐసు, టూత్‌పేస్ట్ వద్దు. కుళాయి కింద 20 నిమిషాలు పెట్టండి, బొబ్బ వస్తే చిదపకండి, గాయం పెద్దదైతే డాక్టరుకి చూపించండి.